నాలుగో పార్టిషన్

దేరాలో, నాయిఫ్ వెనక సందులో,
కుంజుమోన్ దుకాణంలో, నా బల్ల మీద
ఎంటర్ మీట ఊడిపోయిన ల్యాప్‌టాప్.
తెచ్చినవాడు లింబాద్రి, తాపీ మేస్త్రీ,
సోనాపూర్ క్యాంపు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు.
"కొత్త సిస్టం ఎక్కియ్యి తమ్మీ.
ఫొటోలు మాత్రం పోవద్దు."

పెన్‌డ్రైవ్ గుచ్చాను.
భాష అడిగింది, చెప్పాను.
ఊరు అడిగింది. దుబాయి అనగానే
గడియారం గంటన్నర వెనక్కి జరిగింది.
డిస్కులు వెతుకుతున్నాను, అంది.
ఆ తర్వాత ఏమీ అనలేదు.
తప్పు ఇదీ అని లేదు, మన్నించమని లేదు.
ఉన్న ఒక్క కిటికీ మూసేసుకుని పోయింది.
నీలి తెర మీద బాణం గుర్తు,
బస్సు దాటిపోయాక స్టాపులో నిలబడ్డ మనిషిలా.

ఏడుసార్లు ఎక్కించాను.
ఏడుసార్లూ అదే మెట్టు మీద బోర్లా పడింది.

లాగ్ తెరిచి చదివాను.
ఒకటో పార్టిషన్ బాగుంది. రెండోదీ బాగుంది.
మూడోది రెండోదాని కాళ్ళ మీద పడుకుంది.
నాలుగోది
తొంభై వేల దగ్గర మొదలై
డెబ్భై వేల దగ్గర ముగిసింది.
పొడవు, మైనస్ ఇరవై వేలు.

లింబాద్రికి ఆయన భాషలో చెప్పాను:
"వెనక గోడ గుమ్మానికి ఇవతలుందన్నా."
ఆయన నవ్వలేదు.
బొటనవేలి గోట్లో సిమెంటు గీక్కుంటూ అన్నాడు:
"వంకర గోడలు మస్తు చూసిన తమ్మీ.
గోడ వంకరైతె గోడ కూలుతది.
చూసెటోడు కూలుతడా?"

జవాబు లేదు నా దగ్గర.
ఆ ప్రోగ్రాం రాసినవాడెవడో
పొడవన్నాక సున్నాకి పైనే ఉంటుందని నమ్మాడు.
నాయిఫ్‌లో అద్దెకుండి ఉంటే నమ్మేవాడు కాదు.

నేనుండే హాలుని ప్లైవుడ్‌తో ఐదు చేశారు.
వాటినీ పార్టిషన్లే అంటారిక్కడ,
కరెంటుతో కలిపి ఏడొందల దిర్హాములు.
ఉన్న కిటికీని నిలువునా పంచారు:
అద్దం నాకు, గొళ్ళెం అవతలివాడికి.
సిల్హెట్ మనిషి. రాత్రిపూట కార్లు కడుగుతాడు.
పేరు తెలీదు, దగ్గు తెలుసు.
గాలి కావాలంటే చెక్క మీద రెండుసార్లు తట్టాలి,
అతను మేలుకుని ఉంటే తెరుస్తాడు.

ఆ రాత్రి షట్టర్ సగం దించి
పట్టికలో నాలుగో వరస ఒక్కటే చెరిపాను.
సరుకు ముట్టుకోలేదు.
గోడ లెక్క కొట్టేస్తే గదిలో సామాను పోదు.
అది నాకు తెలుసు. లింబాద్రికి తెలీదు,
చెప్పులు విడిచి కుర్చీ అంచున కూర్చున్నాడు,
ఆస్పత్రిలో కూర్చున్నట్టు.

ఎనిమిదోసారి మెట్టు దాటింది.

ఫొటోలు చూసుకున్నాడు.
వెదురు బొంగుల మీద పచ్చి స్లాబు.
బోరులో నీళ్ళు పడ్డ రోజు, తడిసిన ఒకామె,
మొహం సగమే పడింది.
ఏజెంటు రాసిచ్చిన చీటీ, వంకరగా.
మిగతావన్నీ ఒకే మేకవి, పన్నెండో పదమూడో.
అక్కడ ఆగి,
"గిది అమ్మేసిండ్రు" అన్నాడు.
డబ్బులు తీసుకోనంటే
టిఫిన్ డబ్బాలోని మక్క గుడాలు సగం పెట్టిపోయాడు.

మూడు వారాలకి మునిసిపాలిటీ వాళ్ళొచ్చారు.
మరతో స్క్రూలు విప్పి
నాలుగు చెక్కగోడలూ మెట్ల దగ్గర ఆనించి వెళ్ళారు.
నోటీసు ఫ్రిజ్ మీద అంటించారు.
ఎవరి మంచం అక్కడే ఉంది, ఎవరి బకెట్టు అక్కడే.
నా పాదాలకి జానెడు దూరంలో
సిల్హెట్ మనిషి దిండు. రెండేళ్ళుగా
అలా పడుకున్నామని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.
"నూరుల్" అన్నాడు.
నేనూ పేరు చెప్పాను.
రేపు ఎక్కడికని అడగలేదు, అతనూ అడగలేదు.

దీపం ఆర్పాక ఉక్క పోసింది.
అలవాటు కొద్దీ చెయ్యి చాపి
చెక్క ఉండాల్సిన చోట
రెండుసార్లు తట్టాను.
గొళ్ళెం తీసిన చప్పుడైంది.